ఏనుగు పంపకం

పదిహేడేళ్ళపాటు ప్రతి శనివారం హాఫ్‌టైమ్ విజిల్ పడగానే గొడుగన్న ఏనుగును భుజాన వేసుకుని మైదానం ఆ చివర నుంచి ఈ చివరకు నడిచి వచ్చేవాడు. వచ్చి దాన్ని మోకాళ్ళమ్మ ఒళ్ళో దింపి, చొక్కా అంచుతో అద్దం చుట్టూ ఓసారి తుడిచి, పక్కన గడ్డి మీద చతికిలబడేవాడు.

ఏనుగంటే కెమెరాకు తగిలించే పొడుగు లెన్సు. మూరెడు పొడుగు, బిందె మూతంత అద్దం, ఆరు కిలోల బరువు. గొడుగన్న ఎదురు పేపరు ఫోటోగ్రాఫరు. వానొస్తే గొడుగు లెన్సుకు పట్టి తాను నిలువునా తడిసే రకం, అందుకని ఆ పేరు. మోకాళ్ళమ్మది ఇవతలి పేపరు. తెల్లగీత పక్కన మోకాళ్ళ మీద కూర్చుని కూర్చుని ఆవిడ కుడి మోకాలు అరిగిపోయింది. లేచినప్పుడల్లా టకీమనేది. "మోకాళ్ళమ్మ మోగింది, ఇక ఇళ్ళకు పోవచ్చు" అనేవాడు గేటు కాపలావాడు. అందరూ నవ్వేవాళ్ళు. ఆవిడా నవ్వేది. నవ్వక ఏం చేస్తుంది?

రెండు పేపర్లూ ఉప్పూ నిప్పూ. యజమానులు ఒకరి మీద ఒకరు కేసులు పెట్టుకుని, ఒకరి గుమాస్తాను ఒకరు ఎత్తుకుపోయి, పెళ్ళిళ్ళలో ఎదురుపడితే మొహాలు తిప్పుకునేవాళ్ళు. వాళ్ళ దగ్గర పనిచేసే ఈ ఇద్దరు మాత్రం ఒక్క లెన్సును చెరిసగం వేసుకుని కొన్నారు. ఆటలో చెరిసగం వాడుకున్నారు. చెమటోడ్చేవాళ్ళ బుద్ధి అలాగే ఉంటుంది. అది యజమానుల తలకెక్కేది కాదు, ఎక్కించాలని చూడటం కూడా దండగే.

పంపకం తేలిక. ఫుట్‌బాల్‌లో మనిషి పరుగెత్తి వచ్చేవైపు కూర్చుంటే మొహం దొరుకుతుంది, పోయేవైపు కూర్చుంటే వీపు దొరుకుతుంది. వీపును ఏ పేపరూ అచ్చువేయదు. ఊరి జట్టు మొదటి సగంలో స్టేడియం గడియారం ఉన్న వైపు దాడికి పోతుంది, కనుక గడియారం చివర కూర్చున్న గొడుగన్నకు ఏనుగు. రెండో సగంలో గేటు వైపు వస్తుంది, కనుక గేటు చివర కూర్చున్న మోకాళ్ళమ్మకు ఏనుగు. టాసు అడ్డం తిరిగిన రోజున ఇద్దరూ చివరలు మార్చుకునేవాళ్ళు. ఆట అయ్యాక గేటు దగ్గర ఆవిడ దాన్ని ఆయనకు అప్పజెప్పేది. దాని పెట్టె ఆయన ఇంట్లో ఉండేది.

మాట్లాడుకోవడానికి దొరికేది ఆ పదిహేను నిమిషాలే. ఆటకు ముందు తలా ఒక చివర. ఆట అయ్యాక ఆఫీసులకు ఫోటోలు పంపే పరుగు.

"ఏమ్మా, బతికే ఉన్నావా?"

"ఏనుగు నీ దగ్గరుంటే ఎలా చస్తానన్నా? అది చేతికొచ్చాక చూద్దాం."

"పదకొండో నంబరువాడు కుంటుతున్నాడు. కనబడనివ్వట్లేదు దొంగవెధవ. వాడి మీద ఓ కన్నేసి ఉంచు."

"మొహం బాగుందా?"

"మొహానికేం? పన్ను పీకించుకోవడానికి వచ్చినవాడి మొహం. బ్రహ్మాండంగా ఉంది."

"మీ పేపర్లో నా ఫోటోకన్నా పెద్దది వేశారు మొన్న నీది. ఎంత తినిపించావేంటి మీ సబ్‌ఎడిటర్‌కి?"

"కళ అమ్మా, కళ! నీకు తెలిసిందల్లా మోకాళ్ళు."

ఇంతే. ఇలాంటి మాటలే. వారానికి పదిహేను నిమిషాలు. మోకాళ్ళమ్మకు మిగతా వారమంతా కలిపితే అన్ని మాటలు ఉండేవి కావు.

ఇంట్లో మామయ్య ఉండేవాడు. భర్త పోయి తొమ్మిదేళ్ళు. ఆయన తండ్రి, ఎనభై మూడేళ్ళవాడు, కోడలితోనే ఉండిపోయాడు. ఒకప్పుడు దర్జీ. ఇప్పుడు ఎడమ చెవి పూర్తిగా పోయింది, కుడి చెవి ఇష్టమైనప్పుడు పనిచేసేది. మూడో అంతస్తులో రెండు గదులు. ఒక గదిలో ఆయన కుట్టుమిషను, దాని మీద దుప్పటి. ఇంకో గదిలో ఆవిడ మంచం, కంప్యూటరు. శనివారం ఆవిడ రాగానే ఆయన ఒకే ప్రశ్న అడిగేవాడు. "ఎవరు గెలిచారు?" ఆవిడ చెప్పేది. "మంచిది" అనేవాడు, ఎవరు గెలిచినా. తరువాత ఇద్దరూ తలో గదిలో దీపం ఆర్పుకునేవాళ్ళు.

ఆఫీసులో కెమెరాలు మార్చారు. ఇక్కడే మొదలైంది అంతా.

ఫోటో విభాగం పెద్దను వెనకాల చార్టు బాబు అనేవాళ్ళు. ఏ సంగతి చెప్పాలన్నా గోడ మీద గీతలు వేసి చూపించేవాడు గనక. జన్మలో ఒక్క బంతి వెంట పరుగెత్తలేదు, ఒక్క వాన తడవలేదు. అలాంటివాళ్ళకే అన్నీ తెలుస్తాయి. ఒక సోమవారం ముగ్గురు ఫోటోగ్రాఫర్లనూ పిలిచి బల్ల మీద కొత్త కెమెరాలు పెట్టాడు. వేరే కంపెనీవి. పాతవాటిని ఒక అట్టపెట్టెలో వేయమన్నాడు. పదకొండేళ్ళుగా మోకాళ్ళమ్మ బుగ్గ ఆనించిన కెమెరా, బొటనవేలు రుద్దీ రుద్దీ రంగుపోయి ఇత్తడి తేలినది, అట్టపెట్టెలో అడుగున పడింది.

"సెకనుకి నలభై ఫోటోలండీ!" అన్నాడు చార్టు బాబు. "చప్పుడే ఉండదు. ఆటగాడి కన్ను ఎక్కడుంటే అక్కడ అదే పట్టుకుంటుంది. మీరు చేయాల్సిందేం లేదు."

"మరి నన్నెందుకు పిలిచారు? దాన్నే పంపండి" అంది మోకాళ్ళమ్మ.

"మీరు మరీనండీ."

"నా ఏనుగు దీనికి పడుతుందా?"

"ఏ ఏనుగు?"

"నా పొడుగు లెన్సు. ఇది చూడబోతే బిగించే మూతే వేరేగా ఉంది."

"పడదండీ. కంపెనీ వేరు కదా, బిగింపు వేరు. అయినా మీకెందుకది? కొత్త పొడుగు లెన్సు కూడా ఇస్తున్నాం. పూర్తిగా మీకే. ఇకమీద సగంసగం బాధ లేదు."

మిగతా ఇద్దరూ అదృష్టవంతురాలివన్నట్టు చూశారు. బాధ లేదట. ఆ బాధ కోసమే ఈ మనిషి వారమంతా బతుకుతోందని చార్టులో ఏ గీత గీసి చూపించాలి? సెకనుకి నలభై తీసే యంత్రాన్ని తయారుచేసినవాళ్ళకు, శనివారం పూట నూట ఇరవై గజాలు నడిచి వచ్చి 'బతికే ఉన్నావా' అని అడిగే మనిషి లెక్కలోకి రాడు.

ఆవిడకు మాత్రం అక్కడే, బల్ల ముందు నిలబడగానే, లెక్క తేలిపోయింది. తనకు సొంత లెన్సు ఉంటే ఏనుగు తనకక్కర్లేదు. ఏనుగు అక్కర్లేకపోతే గొడుగన్న నడిచి రానక్కర్లేదు. రానక్కర్లేకపోతే రాడు. అరవై ఒక్కేళ్ళ మనిషి, ఆరు కిలోల బరువు, ఎందుకొస్తాడు?

ముందు కొత్తదాన్ని చేతికి అలవాటు చేయాలి. పాతదాంట్లో దగ్గరికి లాగాలంటే రింగును ఎడమకు తిప్పాలి, దీంట్లో కుడికి. మీటలన్నీ తారుమారు. కుడిచేత్తో అన్నం తినేవాణ్ణి రేపట్నుంచి ఎడమచేత్తో తినమన్నట్టు. ఆవిడ ఇంట్లో సాధన మొదలుపెట్టింది. పరుగెత్తే మనిషి కావాలి. ఉన్నది మామయ్యే.

"వంటగదిలోంచి కిటికీ దాకా నడవండి మామయ్యా."

"ఎందుకూ?"

"మిమ్మల్ని పట్టుకోవాలి."

"నేనెక్కడికి పోతానమ్మా ఈ వయసులో?" అంటూనే ఆయన గ్లాసు చేత్తో పట్టుకుని నడిచాడు. ఆవిడ రింగు తిప్పింది, ఎడమకు. మామయ్య దగ్గరికి రావాల్సింది పోయి గోడలో చీమంతయ్యాడు. "మళ్ళీ" అంది. మళ్ళీ నడిచాడు. మళ్ళీ చీమే.

"నేను బంతినా, ఆటగాడినా?" అని అడిగాడు ఏడోసారికి.

"గోల్‌కీపరు."

"అయితే ఒకచోట నిలబడచ్చు కదే!"

చాలా రోజుల తరువాత ఆ ఇంట్లో ఇద్దరూ ఒకేసారి నవ్వారు. ఆయన కుర్చీలో కూలబడి, కోడలి చేతిని చూస్తూ అన్నాడు: "చెయ్యి మొండిదమ్మా. నేను కాలిమిషను వదిలి కరెంటు మిషనుకి వచ్చినప్పుడు ఆరునెలలు గాల్లో కాలు ఆడించాను. పక్కవాళ్ళు పిచ్చెక్కిందనుకున్నారు. చెయ్యి నేర్చుకుంటుందిలే. దానికి సిగ్గు లేదు."

నేర్చుకుంది. మూడు వారాలకు చెయ్యి దారికొచ్చింది. కానీ ఒకటి మాత్రం కొరుకుడుపడలేదు. చప్పుడు లేదు. పాత కెమెరా కటకటలాడేది, తాను పనిచేస్తున్నానని చెవికి తెలిసేది. ఇది కిక్కురుమనదు. గంటన్నర ఆటలో రెండు వేల ఫోటోలు తీసినా, ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నట్టే ఉండేది.

కొత్త కెమెరా చేతికొచ్చిన ఆ వారమే, మొదటి శనివారం, హాఫ్‌టైమ్‌కు ఆవిడ దాన్ని వానగుడ్డలో చుట్టి సంచీ వెనక పెట్టుకుంది. గొడుగన్న వస్తే చెప్పేద్దామనే అనుకుంది. 'అన్నా, ఇక నాకు అక్కర్లేదు, మొత్తం నువ్వే వాడుకో' అని ఇంట్లో అద్దం ముందు రెండుసార్లు చెప్పుకుంది కూడా. ఆయన వచ్చాడు. ఏనుగును ఒళ్ళో దింపాడు. తుడిచాడు.

"ఏమ్మా, మొహం అలా ఉందేం? వీపులు తీసీ తీసీ నువ్వూ వీపులా తయారయ్యావు."

ఆవిడ నోరు తెరిచింది. "నీ మొహం చూసుకున్నావా" అంది.

విజిల్‌కు ముందు ఆయన లేచి వెళ్ళిపోయాడు. ఆవిడ ఏనుగును దాని గుడ్డతొడుగుతో సహా పక్కన గడ్డి మీద పడుకోబెట్టి, కొత్త కెమెరా తీసి పని చేసుకుంది. ఆట అయ్యాక గేటు దగ్గర ఏనుగును అప్పజెప్పింది. "బాగా పడ్డాయా?" అన్నాడు. "పడ్డాయి" అంది.

మధ్యలో రిపేరు షాపుకు కూడా పోయింది. ఏనుగు మూతికీ కొత్త కెమెరా మూతికీ మధ్య వేసే అతుకు రింగు ఏదైనా ఉందా అని అడిగింది. "ఉందక్కా" అన్నాడు రిపేరువాడు. "పెడితే ఏనుగు నత్త అవుతుంది. ఆటగాడు ఇంటికెళ్ళి స్నానం చేసి భోంచేశాక అప్పుడు ఫోకస్ అవుతుంది." ఆవిడ తీసుకుని చూసింది. అతను చెప్పింది అక్షరాలా నిజం. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు. రింగు సొరుగులో పడింది. అబద్ధం సాగింది.

రెండో శనివారం. మూడో శనివారం. ప్రతిసారీ ఆయన మోసుకొచ్చేవాడు, ఆవిడ తీసుకునేది, గడ్డి మీద పడుకోబెట్టేది. వాడని వస్తువును వాడుతున్నట్టు నటించడం. ఇందులో ఎవరికి నష్టం అనుకుంది. రెండో సగంలో ఎలాగూ ఏనుగు ఆయనకు అక్కర్లేదు కదా, ఆయనవైపు వచ్చేవాళ్ళు పొరుగు జట్టువాళ్ళే కదా అనుకుంది. పదిహేడేళ్ళ పద్ధతే అది, కొత్తగా తానేమీ లాక్కోలేదు. మనిషి తనకు తాను చెప్పుకునే అబద్ధం ఎప్పుడూ ఇలాగే న్యాయంగా వినబడుతుంది.

నాలుగో శనివారం ఊరి జట్టు కెప్టెనుకు చివరి ఆట. ముప్పై ఎనిమిదేళ్ళవాడు, ఇరవై ఏళ్ళుగా ఇదే జట్టు. రాతిబొమ్మ అనేవాళ్ళు అతన్ని. గోల్ కొట్టినా మొహంలో గీత కదిలేది కాదు. రెండు పేపర్లూ మొదటి పేజీ ఖాళీ పెట్టుకుని కూర్చున్నాయి.

ఆరోజూ హాఫ్‌టైమ్‌కు గొడుగన్న వచ్చాడు. కానీ ఏనుగును ఒళ్ళో దించకుండా కాసేపు భుజం మీదే ఉంచుకున్నాడు.

"ఇవాళ రెండో సగం కూడా నేనే ఉంచుకోనా?" అన్నాడు. "ఎందుకో మనసు పీకుతోంది. వాడు దిగిపోయేటప్పుడు ఎటు తిరుగుతాడో తెలీదు. వాడి పెళ్ళాం పిల్లలు గడియారం వైపే కూర్చున్నారు."

ఇదిగో, తలుపు తెరిచి పెట్టినట్టు దొరికిన మాట. 'ఉంచుకో అన్నా, నాకు వేరే ఉంది' అంటే అయిపోయేది. ఇవాళ ఉంచుకుంటే వచ్చేవారం ఎందుకు తేవాలని అడుగుతాడు. అడిగితే చెప్పాలి. చెబితే రాడు.

"పంపకం పంపకమే కదన్నా" అంది.

ఆయన ఒక్క క్షణం చూశాడు. "అంతే అంతే, మాటంటే మాటే" అని ఏనుగును ఒళ్ళో పెట్టి, తుడిచి, చిన్న లెన్సుతో తిరిగి వెళ్ళిపోయాడు.

ఎనభయ్యో నిమిషంలో కెప్టెన్ను బయటకు పిలిచారు. అతను మైదానం మధ్యలో ఆగాడు. కూర్చున్నాడు. బూట్లు విప్పాడు. రెండూ చేత్తో పట్టుకుని లేచి, గడియారం వైపు తిరిగి, వట్టి కాళ్ళతో నిలబడి ఏడ్చాడు. దాచుకోకుండా, చేతులు అడ్డం పెట్టుకోకుండా, చిన్నపిల్లాడిలా. స్టేడియం మొత్తం లేచి నిలబడింది. ఒక నిమిషం పైనే అలా ఉన్నాడు.

మోకాళ్ళమ్మ కెమెరా నిశ్శబ్దంగా వీపును తీసింది. సెకనుకు నలభై వీపులు.

గడియారం చివర గొడుగన్న చిన్న లెన్సుతో తీశాడు. గింజంత మొహం. ఆ మొహాన్ని దగ్గరికి లాగగల లెన్సు ఆ మైదానంలో రెండే ఉన్నాయి. రెండూ గేటు చివరే ఉన్నాయి. ఒకటి వీపును చూస్తోంది, రెండోది గుడ్డ కప్పుకుని గడ్డిలో పడుకుంది.

మర్నాడు ఏ పేపర్లోనూ ఆ మొహం లేదు. ఇవతలి పేపరు వీపే వేసింది, పెద్దదిగా. చార్టు బాబు ఫోన్ చేసి, "కవిత్వంలా ఉందండీ" అన్నాడు. అతని కవిత్వం తగలెయ్య.

అదే ఆదివారం మూడు గంటలప్పుడు తలుపు మోగింది. మామయ్యకు వినబడదు. ఆవిడే తీసింది. గొడుగన్న. మూడంతస్తులు ఎక్కి రొప్పుతున్నాడు. పదిహేడేళ్ళలో ఆయన ఆ ఇంటికి రావడం అదే మొదలు. ఆవిడకు ముందు సంతోషమే వచ్చింది. ఆ తరువాత ఆయన మొహం చూసింది.

"రా అన్నా, కూర్చో."

ఆయన కూర్చోలేదు. చంకలోంచి ఒక కాగితం తీసి బల్ల మీద పరిచాడు. నిన్నటి ఫోటో, బాగా పెద్దది చేసినది. గరుకుగా, ఇసక చల్లినట్టుగా కెప్టెను మొహం.

"ఆ మొహం ఎంతవరకు లాగితే వస్తుందో అని నిన్న పొద్దుపోయిందాకా పెద్దది చేస్తూ కూర్చున్నాను. రాలేదు. వేరేది వచ్చింది" అని వేలు పెట్టి చూపించాడు.

చిన్న లెన్సుకు ఒక జబ్బు ఉంది, ముందున్నదీ వెనకున్నదీ అన్నీ కంటికి ఆనుతాయి. కెప్టెను భుజం వెనక, దూరంగా గేటు చివర, ఒక ఆడమనిషి మోకాళ్ళ మీద ఉంది. కంటి దగ్గర ఏదో కొత్త లెన్సు. పక్కన గడ్డి మీద, గుడ్డతొడుగులో, ఏనుగు.

మోకాళ్ళమ్మ కుర్చీ వీపు పట్టుకుంది.

"ఎన్నాళ్ళనుంచి?"

"నాలుగు వారాలు."

"నాలుగు వారాలు నేను మోసుకొచ్చి నీ ఒళ్ళో పెడుతుంటే, తీసుకుని పక్కన పడుకోబెట్టావు."

"అవును."

"నిన్న అడిగాను కూడా. నోరు తెరిచి అడిగాను."

"అడిగావు."

"పంపకమట!" అన్నాడు. "ఇంకో ఏడాదిలో రిటైరై ఇంటికి పోతానమ్మా నేను. నలభై ఏళ్ళు ఎండలో, వానలో కూర్చుంది అలాంటి మొహం ఒక్కటి కోసం. నా చేతిలో ఉండాల్సింది. నువ్వు తీసుకుని వాడి ఉంటే సరేలే, చెల్లెలి వంతు అనుకునేవాణ్ణి. వాడలేదు కదే! కుక్క తినదు, గొడ్డును తిననివ్వదు. ఎందుకు చెప్పలేదు?"

"చెబితే రావు కదా."

"ఎక్కడికి?"

"నా దగ్గరికి. హాఫ్‌టైమ్‌కి."

గొడుగన్న ఆవిడ వంక చూశాడు. కోపంలో ఉన్న మనిషికి ఎదుటివాడి నిజం అక్కర్లేదు, పైగా అది అడ్డం.

"రానుగాక రాను" అన్నాడు. "పనేముంది రావడానికి?"

అప్పటికి పక్క గదిలోంచి మామయ్య వచ్చాడు. వచ్చినాయన్ని చూసి మొహం వెలిగింది. ఆ ఇంటికి మనుషులు రారు. "కూర్చోండి, కూర్చోండి. అమ్మా, టీ పెట్టు. మీరూ ఫోటోలేనా? మా కోడలు నన్నూ తీసింది. గోల్‌కీపర్ని" అన్నాడు.

గొడుగన్న చేతులు జోడించాడు. "పెద్దాయనా, ఇంకోసారి తాగుతాను" అని బల్ల మీద కాగితం అక్కడే వదిలేసి మెట్లు దిగిపోయాడు.

"ఎవరమ్మా?"

"స్నేహితుడు మామయ్యా."

"మంచాయనలా ఉన్నాడు. అప్పుడప్పుడూ వస్తూ ఉండమనకపోయావా?"

ఆవిడ స్టవ్ వెలిగించి, టీ ఒక్కరికే పెట్టింది.

వారం గడిచింది. ఎలా గడిచిందో చెప్పడానికి ఏమీ లేదు. ఫోన్ మోగినప్పుడల్లా చార్టు బాబే. ఆవిడ రెండుసార్లు గొడుగన్న నంబరు తీసి, ఏమని మొదలుపెట్టాలో తెలియక పెట్టేసింది. పదిహేడేళ్ళలో ఫోన్లో మాట్లాడిన అలవాటే లేదు. శనివారాలుండగా ఫోనెందుకు?

తరువాతి శనివారం హాఫ్‌టైమ్ విజిల్ పడింది. ఆటగాళ్ళు లోపలికి పోయారు. పైపులతో గడ్డి తడిపేవాళ్ళు వచ్చారు. మోకాళ్ళమ్మ గడియారం వైపు చూసింది. గొడుగన్న లేవలేదు. ఏనుగును దాని ఊతకర్రకు ఆనించి, అటు తిరిగి కూర్చున్నాడు. ఎందుకు లేస్తాడు? ఈ పూట రెండు సగాలూ ఆయనవే. ఆవిడకూ రెండు సగాలూ ఉన్నాయి. ఎవరిది వారికి పూర్తిగా ఉంది. మైదానానికి చెరో చివర, ఎవరి పూర్తితనంలో వారు కూర్చున్నారు. యాజమాన్యం కోరుకున్నది సరిగ్గా ఇదే, తెలిసి కోరుకున్నా తెలియక కోరుకున్నా.

రెండు నిమిషాలు పోయాయి. మూడు.

ఆవిడ లేచింది. కెమెరా భుజానికి తగిలించుకుని తెల్లగీత వెంట నడవడం మొదలుపెట్టింది. ఎప్పుడూ వచ్చేవాడు ఆయనే గనక ఆ దారి ఎంత పొడుగో ఆవిడ ఎప్పుడూ పట్టించుకోలేదు. ప్రత్యామ్నాయ ఆటగాళ్ళ బెంచీ దాటేసరికే మోకాలు మంటలెత్తింది. ఈ దూరం ఆరు కిలోలు మోసుకుని నడిచేవాడు. ఎన్ని వందలసార్లో.

గొడుగన్న అడుగుల చప్పుడు విన్నాడు. తల తిప్పలేదు.

"ఏం తెచ్చావు?"

"ఏం తేలేదు."

"ఏం కావాలి?"

"ఏం వద్దు."

"మరి ఆ మోకాలేసుకుని ఎందుకొచ్చినట్టు?"

వారమంతా కూడబెట్టుకున్న మాటలు ఒక్కటీ అక్కరకు రాలేదు. ఆవిడ తడిగడ్డి మీద మెల్లిగా కూర్చుంది.

"నాకు వారంలో మాట్లాడే మనిషివి నువ్వొక్కడివే అన్నా. అది పోతుందని భయమేసి అబద్ధమాడాను. నీ ఫోటో తినేశాను. తప్పని చెప్పడానికి వచ్చాను, అంతే."

ఆయన ఏనుగు మూతికేసి చూస్తూ ఉండిపోయాడు. దూరంగా పైపు నీళ్ళు గోల్ వలకు తగిలి చిటపటలాడాయి.

"కోపం తగ్గలేదు" అన్నాడు.

"తగ్గుతుందని రాలేదు."

"తగ్గుతుందని మాట కూడా ఇవ్వను. ఆ మొహం కళ్ళు మూసుకుంటే కనబడుతోంది నాకు. ఎంత దగ్గరగానో."

"తెలుసు."

"నీకు తెలీదు. నీకు వీపు కనబడింది."

ఇద్దరూ ఖాళీ మైదానాన్ని చూస్తూ కూర్చున్నారు. ఆటగాళ్ళు సొరంగంలోంచి ఒక్కొక్కరే బయటకు వస్తున్నారు. ఆవిడ చేతులు నేలకు ఆనించి లేవబోయింది. ఆయన చెయ్యి అందించలేదు.

"వచ్చేవారం కూడా వస్తావా ఏం?" అన్నాడు, అటు చూస్తూనే.

"వస్తాను."

"వస్తే రా. నేను మాత్రం మాట్లాడను."

"మాట్లాడకు."

రెండో సగం విజిల్ పడేసరికి ఆవిడ ఇంకా సగం దారి కూడా రాలేదు. ఊరి జట్టు బంతి తీసుకుని ఆవిణ్ణి దాటి గేటు వైపు దూసుకుపోయింది. జేబులో ఫోన్ వణికింది. చార్టు బాబే అయి ఉంటాడు. ఆవిడ తీయలేదు, కెమెరా కూడా ఎత్తలేదు. కుంటుకుంటూ, తెల్లగీత బయట నుంచి, తన చివరకు నడుచుకుంటూ పోయింది.